ముందు కంచె, తర్వాతే తోడేలు

తోడేళ్ళకూ, తోడేలు-కుక్క సంకరాలకూ ఆశ్రయం పెడదామనుకునేవాళ్ళు సాధారణంగా మచ్చిక గురించి అడుగుతారు. దాని సంగతి తర్వాత. ముందు తేల్చుకోవాల్సింది కంచె అడుగున ఏముందని.

ఎనిమిది అడుగుల ఎత్తున చైన్‌లింక్ (ఇనప తీగలు అల్లిన వల కంచె) కట్టేసి పని అయిపోయిందనుకుంటారు. తోడేలు దూకగలదు, ఎక్కగలదు, కానీ విసుగు లేకుండా చేసే పని తవ్వడం. ఒక్క రాత్రి చాలు. అందుకే కంచె మొదట్లో, లోపలివైపు, మూడు నాలుగు అడుగుల వెడల్పు మెష్‌ను నేల మీద పరచాలి. దాని అంచును నిలువు కంచెకు సుమారు ఆరంగుళాలకు ఒకటి చొప్పున రింగులతో బిగించి, పైన మట్టి, రాళ్ళు వేయాలి. జంతువు కంచెను ఆనుకునే తవ్వుతుంది. గోళ్ళకు మెష్ తగిలితే పక్కకు జరిగి మళ్ళీ అక్కడే ప్రయత్నిస్తుంది గానీ, నాలుగడుగులు వెనక్కి వచ్చి మొదలుపెట్టాలని దానికి సాధారణంగా తోచదు. ఈ పద్ధతంతా ఆ ఒక్క అలవాటు మీదే నిలబడి ఉంది.

తీగ 9 గేజిది తీసుకోండి. గేజి నంబరు పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 11 గేజి మామూలు కుక్కలకు సరిపోతుంది గానీ, పట్టుబట్టి కొరికే తోడేలుకు చాలదు. చైన్‌లింక్ అల్లిక కాబట్టి ఒక తీగ తెగితే ఆ వరస మొత్తం స్వెటర్ ఊడినట్టు ఊడుతుంది. పైన 45 డిగ్రీల కోణంలో లోపలికి వంగిన రెండు మూడు అడుగుల అంచు ఉండాలి. మూలల దగ్గర ఈ అంచుకు సందు వదిలేయడం మామూలుగా జరిగే తప్పు. రెండు వైపులా కాళ్ళు తన్నిపెట్టి ఎక్కడానికి వీలుండేది మూలలోనే కదా.

మంచు పడే చోట ఇంకో లెక్క ఉంది. గాలికి కంచె పక్కన మూడడుగుల మంచు పేరుకుంటే మీ ఎనిమిదడుగుల కంచె ఐదడుగులదైపోయినట్టే. పారతో తవ్వి తీయాల్సిందే, దగ్గరి దారి లేదు. తుపాను వెలిసిన తర్వాత మొదటి పని మేత కాదు, కంచె చుట్టూ నడిచి రావడం. విరిగిపడిన ఒక్క కొమ్మ లోపలి జంతువుకు నిచ్చెన అవుతుంది.

కరెంటు తీగను అదనపు రక్షణగానే చూడండి. గడ్డి పెరిగి తీగకు తగిలితే కరెంటు నేలలోకి పోతుంది. మట్టి బాగా ఎండిపోతే ఎర్తింగ్ సరిగా అందక షాక్ బలహీనపడుతుంది. రోజూ వోల్ట్‌మీటర్ పెట్టి చూడకపోతే అది ఉత్త తీగే.

గేటు రెండంచెలుగా ఉండాలి: ఒకటి మూసి తాళం వేశాకే రెండోది తీయాలి. లోపలి గేటు లోపలికే తెరుచుకోవాలి, అప్పుడు జంతువు తోసినా మూసుకుంటుంది. తాళం పడ్డ చప్పుడు విని వెళ్ళిపోకుండా చేత్తో ఒకసారి లాగి చూడాలి. ఇదంతా చాదస్తంగా అనిపించే రోజే ఎవరో ఒకరు గేటు తెరిచి వదిలేస్తారు.

డబ్బు సరిపోక చాలామంది మానేసేది చిన్న పెన్నును, అంటే జంతువును విడిగా మూసి ఉంచే చిన్న దొడ్డిని. ప్రతి ఆవరణకూ పక్కన పదడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవున ఒక పెన్ను, బయటి నుంచి కేబుల్‌తో దించే తలుపు కావాలి. దానిలోనే మేత పెడుతూ, తలుపును రోజూ దించి ఎత్తుతూ ఉంటే, తలుపు పడటం వాటికి పట్టించుకోవాల్సిన విషయంగా అనిపించదు. ఈ పెన్ను లేకపోతే చిన్న కుంటుకు కూడా మత్తు బాణం వేయాలి. బాణం తగిలిన తోడేలు భయంతో పరిగెడుతుంది, ఒళ్ళు వేడెక్కుతుంది, వేసవిలో అదే ప్రాణం మీదికి తెస్తుంది. మత్తులో ఉన్నంతసేపూ ఐదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత చూడాలి. 40 డిగ్రీలకు చేరుతుంటే కడుపు మీద, పాదాల మీద నీళ్ళు పోయాలి.

మేత విషయానికొస్తే, పెద్ద జంతువుకు సగటున రోజుకు కిలో నుంచి రెండు కిలోల మాంసం పడుతుంది. చలికాలంలో ఎక్కువ, ఎండల్లో తక్కువ. ఎముకల్లేని మెత్తటి మాంసం మాత్రమే పెట్టడం ప్రేమ కాదు. అందులో భాస్వరం కాల్షియం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ; తక్కువపడిన కాల్షియాన్ని శరీరం తన ఎముకల నుంచే లాక్కుంటుంది, పెరిగే వయసు పిల్లలకైతే కాళ్ళు వంకరపోతాయి. ఎముకతో సహా పెట్టాలి. కార్జం మితంగా ఇవ్వాలి, విటమిన్ ఏ ఎక్కువైనా ప్రమాదమే. విరాళంగా వచ్చే కళేబరాల విషయంలో ఒక్క ప్రశ్న తప్పనిసరి: ఇది ఎలా చనిపోయింది? పెంటోబార్బిటాల్ ఇంజక్షన్‌తో చంపిన గుర్రం, ఆవు అయితే ఊరికే ఇచ్చినా వద్దు. ఆ మందు ఫ్రీజర్‌లో పెట్టినా, ఉడికించినా పోదు, తిన్నదాన్ని చంపుతుంది. తుపాకీతో కొట్టిన జింకైతే గుండు తగిలిన చుట్టుపక్కల మాంసం బాగా కోసి పారేయాలి, సీసపు ముక్కలు కంటికి కనపడనంత చిన్నవి ఉంటాయి.

ఒక ఆవరణలోని రెండు తోడేళ్ళకు మూడు నాలుగు ముక్కలు దూరదూరంగా వేస్తే గొడవ తగ్గుతుంది. మిగిలింది పాతిపెట్టుకుంటాయి. గొయ్యి కాళ్ళతో తీసినా, మట్టి కప్పేది ముక్కుతోనే, చిన్నచిన్న తోపులుగా. పొద్దున ముక్కు మీద ఎండిన మట్టి కనిపిస్తే దగ్గర్లో ఎక్కడో మాంసం ఉన్నట్టే. వేసవిలో ఈగలు ముసరక ముందే దాన్ని వెతికి తీసేయాలి.

ఉత్తరార్ధగోళంలో జతకట్టే కాలం జనవరి నుంచి మార్చి దాకా. హార్మోన్లు అంతకు ముందే మొదలవుతాయి. ఆగస్టులో చెవి వెనక గోకించుకున్న మగది జనవరిలో అదే మనిషికి ఎదురు తిరుగుతుంది. ఆ నెలల్లో ఒక్కరే లోపలికి వెళ్ళకూడదు. కుంటుతున్నవాళ్ళు, నడుంనొప్పి ఉన్నవాళ్ళు అసలు వెళ్ళకూడదు. వాటి దృష్టి ముందు పడేది తేడాగా ఉన్న నడక మీదే.

ఇప్పుడు ఎవరిని తీసుకోవాలి అన్నది. పెంచలేక మీ దగ్గర వదిలేస్తామని ఫోన్ చేసేవాళ్ళ జంతువులు చాలావరకు రెండేళ్ళ ఈడువి. అప్పుడే అవి పెద్దవవుతాయి, పిల్లప్పటి లొంగుబాటు పోతుంది. “98 శాతం తోడేలు” అని అమ్మినవాడు చెప్పిన మాటను లెక్కలోకి తీసుకోకండి. పొడుగు కాళ్ళు, ఇరుకు ఛాతీ, పెద్ద పాదాలు, చిన్న గుండ్రటి చెవులు, వంకర తిరగని తోక, కొత్త మనిషిని చూడగానే దూరం జరిగే తీరు, వీటిని కలిపి చూడాలి, డీఎన్‌ఏ పరీక్ష చేయించాలి. తేలేది తరచుగా హస్కీ, మాలమ్యూట్ జాతులు కలిసిన కుక్కే. అలాంటిదానికి ఇల్లు వెతకండి. మనుషులు కావాల్సిన కుక్కను ఆవరణలో పెడితే అది కంచె దగ్గర కూర్చుని ఏడుస్తుంది, పైగా ఒక తోడేలు చోటు పోతుంది.

అమెరికాలో ఇంకో చిక్కు. రేబిస్ టీకాకు తోడేళ్ళ మీద గానీ సంకరాల మీద గానీ అక్కడ లైసెన్సు లేదు. డాక్టర్లు నిర్జీవ టీకా వేస్తారు గానీ చట్టం దృష్టిలో అది వేయనట్టే. కుక్క కరిస్తే పది రోజులు కట్టేసి చూస్తారు. వీటి విషయంలో చంపి మెదడును పరీక్షకు పంపమనవచ్చు. అందుకే సందర్శకుడి వేలు మెష్‌ను తాకకుండా బయట ఆరడుగుల దూరంలో ఇంకో కంచె పెట్టుకోండి. అది కాపాడేది లోపలిదాన్ని.

ఈ జంతువులు సంరక్షణలో పదిహేనేళ్ళ దాకా బతుకుతాయి. ఎన్నింటిని తీసుకోగలరో మీ సంస్థ పాలక బోర్డు చేత అంకెతో రాయించి ఉంచండి. సంస్థ మూతపడితే ఏది ఎక్కడికి వెళ్ళాలో కూడా అదే కాగితం మీద ఉండాలి. ఒక ఆవరణ ఎప్పుడూ ఖాళీగా ఉండాలి, చెట్టు పడితే, జోడీ కొట్టుకుంటే మార్చడానికి. ఫోన్ ఎత్తే మనిషికి మాత్రం దాన్ని లెక్కలో చూపించకండి.