మూడేళ్ల పెయ్యలు ఈనాయా?

అలాస్కాలో మేముండే ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి స్టీస్ హైవే మీద 85 మైళ్లు పోతే ట్వెల్వ్‌మైల్ సమ్మిట్ అనే కనుమ. ఆగస్టులో ఓ ఆదివారం అక్కడ కారిబూలు, అంటే అడవి రెయిన్‌డీర్లు, కనిపించాయి, ఓ ఇరవై దాకా. ఇంటికొచ్చాక అమ్మకి ఫోన్‌లో వీడియో చూపించాను. ఆ కొమ్ములు చూసి మురిసిపోతుందనుకున్నా. నలభై ఏళ్లు గేదెల్ని మేపిన మనిషి కదా, ఆవిడ చూపు డొక్కల మీదికే పోయింది.

"ఆ దూడ తల్లి ఏంటే అంత చిక్కిపోయింది? పాలిచ్చేదానికి మేత చాలట్లేదు. ఈ ఏడు ఎదకు రాదు చూడు."

నేనేమో ఇన్నాళ్లూ చలికాలమే వీటికి గండం అనుకున్నాను. మంచు తవ్వుకుని, నాచులా నేలని అంటుకుని పెరిగే లైకెన్లు తింటాయి. వాటిలో పిండిపదార్థమే తప్ప ప్రోటీన్ అంతంతమాత్రం. చలికాలంలో ఎలాగూ చిక్కుతాయి. అసలు లెక్క వేసవిలోనే. మే నెలాఖరుకి ఈనతాయి, ఒక్కటే దూడ. అక్కణ్ణుంచి అక్టోబరులో ఎదకొచ్చేలోగా దూడకి పాలిస్తూనే మళ్లీ కొవ్వు పట్టాలి. విల్లో చిగుళ్లు, పత్తిగడ్డి పూలు దొరికే రోజులు కొన్నే. వాటిలోనూ సగం దోమలకీ జోరీగలకీ పోతాయి. ముక్కులో పిల్లల్ని వదిలే ఈగ ఒకటుంది. అది వస్తే మేత మానేసి, తల నేలకి ఆనించి నిలబడిపోతాయి. కొవ్వు పట్టని తల్లి ఆ ఏడు చూలు కట్టకపోవచ్చు. పాలు చాలని దూడ చిన్నగా ఉండగానే చలికాలంలోకి అడుగుపెడుతుంది. ఆడదూడ బతికినా ఎదుగుదల వెనకబడి, తొలి ఈత ఆలస్యమవుతుంది. బాగా తిన్నది రెండేళ్లకే ఈనొచ్చు. మామూలుగా మూడేళ్లు. మేత కరువైతే నాలుగు.

మేం చూసినవి ఫార్టీమైల్ అనే పెద్ద మందలోవి. 1970ల్లో పదివేలకు లోపే మిగిలింది. 2017కి 84 వేలకు చేరింది. ఇక్కడ జీవశాస్త్రవేత్తలు మే నెలలో చిన్న విమానాల్లో తిరిగి, రేడియో పట్టీ కట్టిన మూడేళ్ల పెయ్యల్ని చూస్తారు: పక్కన దూడ ఉందా, పొదుగు దిగిందా, కొమ్ములు ఇంకా ఉన్నాయా? చూడివి ఈనేదాకా కొమ్ములు రాల్చవు. ఈనిన పెయ్యలు తగ్గితే, మందకి మేత చాలడం లేదన్నమాట. ఫార్టీమైల్‌లో అలా కనబడ్డాకే, మంద తగ్గితే మిగిలినవాటికి మేత సరిపోతుందని, వేటకి ఎక్కువ అనుమతులిచ్చారు. మా వాడికి అది అస్సలు నచ్చలేదు. నాకూ మింగుడుపడటానికి కాస్త టైం పట్టింది.

అమ్మకి ఇదంతా చెబితే, "పొదుగు చూడ్డానికి విమానమా!" అని చాలాసేపు నవ్వింది. తర్వాత, "అక్కడ వాన పడిందా? పుట్టగొడుగులు మొలిచాయా?" అని అడిగింది.

మొలిచాయి. కారిబూలు వాటికోసం ఎగబడి తింటాయి, ప్రోటీన్ ఎక్కువ మరి. తిరుగుదారిలో నేనూ నాలుగు ఏరబోతే, విషమేమోనని మా ఆయన ఏరనివ్వలేదు.