శాతవాహన రాణులు చెక్కించిన చరిత్ర

'త్రిసముద్రతోయపీతవాహనుడు' అనే బిరుదును బడిలో కంఠస్థం చేసినప్పుడు, గౌతమీపుత్ర శాతకర్ణి గుర్రాలు మూడు సముద్రాల నీళ్లు తాగాయన్న అర్థం చెప్పారు గానీ, ఆ మాటను రాతిపై చెక్కించింది ఎవరో చెప్పలేదు. చెక్కించింది అతని తల్లి గౌతమీ బాలశ్రీ. మనవడు వాసిష్ఠీపుత్ర పులుమావి పాలనలోని 19వ సంవత్సరంలో, నాసిక్ సమీపంలోని త్రిరశ్మి పర్వతంపై భదాయనీయ అనే బౌద్ధ శాఖకు చెందిన భిక్షువులకు గుహను దానం చేస్తూ ఆమె వేయించిన ప్రాకృత శాసనంలోనిదే ఆ మాట. శక, యవన, పహ్లవులను అణచాడన్నా, శక రాజు నహపానుడి క్షహరాత వంశాన్ని నిర్మూలించాడన్నా, అశ్మక, మూలక, సురాష్ట్ర, అపరాంత, విదర్భ దేశాలను ఏలాడన్నా, మన చరిత్ర పుస్తకాలు ప్రధానంగా ఈ శాసనం మీదే ఆధారపడుతున్నాయి. అదే శాసనంలో ఆమె తనను మహారాజుకు తల్లిగా, మహారాజుకు నానమ్మగా పేర్కొంది.

ఇంత ఆధారపడి కూడా ఆమెను 'వీరమాత' అన్న ఒక్క మాటతో దాటవేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. 'గౌతమీపుత్ర', 'వాసిష్ఠీపుత్ర' అన్నట్టు తల్లి గోత్రనామాన్ని రాజు ధరించడం గురించి మాత్రం విస్తారంగా చర్చిస్తాం. సింహాసనం తండ్రి నుంచి కొడుకుకే వచ్చింది కనుక, ఆ పేర్లను బట్టి స్త్రీల అధికారాన్ని కొలవలేమని నా అభిప్రాయం.

ఆ అధికారం కనిపించే శాసనం అదే గుహలో మరొకటి ఉంది. గౌతమీపుత్రుని 24వ పాలనా సంవత్సరానికి చెందిన ఈ ఆజ్ఞను, నాసిక్ ప్రాంతంలోని గోవర్ధనంలో ఉన్న అమాత్యుడు శ్యామకునికి రాజు ఒక్కడే పంపలేదు. జీవించి ఉన్న కుమారుడు గల రాజమాత కూడా అతనితో కలిసి పంపింది. కొండ మీది భిక్షువులకు పూర్వం కఖడి గ్రామంలో ఇచ్చిన పొలం సాగు కావడం లేదని, ఆ ఊళ్లో జనమే లేరని గుర్తించి, దానికి బదులు పట్టణ పొలిమేరలోని రాజభూమి నుంచి 100 నివర్తనాలు (నాటి భూమి కొలత) ఇవ్వాలని అందులో ఆదేశించారు. దానం చేసిన పుణ్యంతో తృప్తిపడక, ఆ దానం వల్ల భిక్షువులకు ఫలం అందుతోందా లేదా అని విచారించి, అందడం లేదని తెలిశాక పొరపాటును సరిదిద్దిన పరిపాలన ఇది.

బాలశ్రీకి ముందు, మొదటి శాతకర్ణి భార్య నాగనిక ఉంది. కల్యాణ్ రేవు నుంచి జున్నర్ వైపు సరుకులు కొండ ఎక్కే నానేఘాట్ కనుమలో, ఆమెకు చెందినదిగా చరిత్రకారులు భావించే శాసనం అశ్వమేధాది యాగాలను, వాటిలో దక్షిణగా ఇచ్చిన వేలాది గోవులను, కార్షాపణాలనే నాణేలను లెక్కలతో సహా నమోదు చేసింది. భర్త పేరుతో పాటు ఆమె పేరు కూడా ఉన్న వెండి నాణెం దొరికింది. బాటసారులు, వర్తకులు నిత్యం నడిచే దారిలో ఆ శాసనం ఉండగా, సంతలో చేతులు మారే నాణెంపై ఆమె పేరు ఉంది.