కల్పిత రాజ్యానికి నాణేలు రూపొందించడం: నా అనుభవం

కథలోని రాజ్యానికి డబ్బు కావాలనగానే ముందు తట్టేవి పేరూ, నాణెం మీద బొమ్మా. రెంటినీ పక్కన పెట్టి ముందు రోజు కూలి ఎంతో తేల్చుకున్నాను: 1 వెండి నాణెం. గుర్రం 60 వెండి అంటే రెండు నెలల కష్టం. ధరలన్నీ ఇలా కూలి నుంచే పుట్టాయి.

12 రాగి ఒక వెండి, 20 వెండి ఒక బంగారం. రూపాయికి నూరు పైసల లెక్క మనకు అలవాటే గానీ, ముగ్గురు పంచుకోబోతే 100 తెగదు. 12 సగానికీ, మూడో వంతుకీ, పావుకీ తెగుతుంది. బ్రిటన్ 240 పెన్నీల పౌండును 1971 ఫిబ్రవరి దాకా వాడింది మరి. రాగిలో 1, 3, 6 విలువలు పెట్టాను. 11 ఇవ్వాలన్నా నాలుగు నాణేలు చాలు.

చిక్కంతా బరువు దగ్గరే. వెండి నాణెం అడ్డం 20 మి.మీ., మందం 1 మి.మీ. అనుకుంటే 3.3 గ్రాములు తూగుతుంది. బంగారం ధర వెండికి 15 రెట్లయితే, 20 వెండి నాణేలకు, అంటే 66 గ్రాములకు, 4.4 గ్రాముల బంగారం సమానం. వెయ్యి బంగారు నాణేల మూట 4.4 కిలోలు, దొంగ దాంతో గోడ దూకగలడు. అదే సొమ్ము వెండిలో 66 కిలోలు! మొదటి చిత్తుప్రతిలో నా దొంగ దూకింది వెండి మూటతోనే.

రాగికి లోహం విలువే ఇద్దామంటే నాణెం రాయిలా తయారవుతుంది. స్వీడన్‌లో 1644 నాటి 10 డాలెర్ల (డాలెర్ అప్పటి స్వీడన్ డబ్బు) రాగి పలక దాదాపు 20 కిలోలు. అందుకే నా రాగికి విలువ రాజముద్రతో వచ్చేదే. అప్పుడు దొంగ నాణేలు పుట్టుకొస్తాయి కాబట్టి, పన్ను కట్టేటప్పుడు 12కి మించి రాగి తీసుకోరని నియమం పెట్టాను.

ఇంకో మెలిక ఆ 15 రెట్ల దగ్గర. పొరుగు రాజ్యంలో బంగారానికి 16 రెట్ల వెండి ఇస్తుంటే, వర్తకులు మన బంగారం అక్కడికి మోసి వెండి తెచ్చుకుంటారు. అమెరికా 1792లో 15 రెట్లని చట్టం చేస్తే బంగారం బయటికి జారిపోయింది. 1834లో దాన్ని 16కి పెంచారు. నేను మాత్రం పెంచలేదు. కథకు బంగారం కరువు కావాలి.

పేర్లు ఆఖరున. సంతలో బేరమాడుతున్నట్టు పైకి అని చూశాను. 'మూడు స్వర్ణముద్రికలు' అని ఏ గాడిదలవాడూ అనడు. రాగి బొట్టు, బంగారం పండు, రోజు కూలి గనక వెండి పొద్దు.