పాముకి జిలేబీ

కార్తీకం వెళ్ళాక మొదటి ఆదివారం. నెల రోజుల చప్పిడి తిండి కసి తీర్చుకుందామని పొద్దున్నే చెన్నైలో మా సైదాపేట చేపల మార్కెట్‌కి వెళ్ళాను. నెత్తళ్ళు బేరమాడుతుంటే అమెరికా నుంచి అక్క కొడుకు వీడియో కాల్. వాళ్ళకింకా శనివారం రాత్రే.

"పిన్నీ, లేచింది! తల తిన్నగా నిలబెడుతోంది."

వాడి పాము సంగతి. వారం నుంచి అదే టెన్షన్. వాడు పెంచేది గార్టర్ స్నేక్. ఒంటి పొడవునా చారలు, అక్కడి పెరళ్ళలో తిరిగే రకం. మన నీరుకట్టకి దూరపు చుట్టమే. వానపాములు, కప్పలు, చేపలు తింటుంది. వీడేమో చవగ్గా దొరుకుతున్నాయని నెలల తరబడి గోల్డ్‌ఫిష్‌లే వేశాడు. వాటిలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుందట, అది బి1 విటమిన్‌ని నాశనం చేసేస్తుంది. పాము కడుపు నిండా తింటూనే ఉంది, నరాలు మాత్రం చచ్చుబడుతూ వచ్చాయి. పోయిన బుధవారం చూశాను ఫోన్లో: వెల్లకిలా పడి, తిరగబడలేక మెలికలు తిరుగుతోంది. తవుడంతా పోగొట్టిన తెల్లన్నమే తిని బెరిబెరి తెచ్చుకున్న మనుషుల కథే ఇదీను. డాక్టర్ బి1 ఇంజెక్షన్ ఇచ్చారు, బతికిపోయింది.

ఫ్రీజర్లో పెట్టి వేస్తే సరిపోతుందనుకున్నాడట వీడు. చలికి ఆ ఎంజైమ్ పోదు. 80 డిగ్రీల వేడిలో 5 నిమిషాలు ఉంచాలి. నా సంచిలో పడుతున్న నెత్తళ్ళ జాతిలోనూ అది ఉన్న రకాలున్నాయి. మనమంటే పులుసులో మరిగిస్తాం, పాముకెవరు పులుసు కాస్తారు?

"గప్పీ, మోలీ చేపపిల్లలు వెయ్యొచ్చన్నారు డాక్టర్, పిన్నీ. లేదా సాల్మన్, ట్రౌట్, టిలాపియా ముక్కలు. ఎప్పుడూ ముక్కలే అయితే ఎముకల కాల్షియం అందదట."

"టిలాపియానా? ఇక్కడ దాన్ని జిలేబీ అంటార్రా" అని ఫోన్ అటు తిప్పాను. నల్లటి వీపు, దాని మీద దువ్వెన పళ్ళలా నిక్కిన ముళ్ళు. వాడు పడీ పడీ నవ్వాడు. జిలేబీ అన్న ముక్క ఒక్కటే అర్థమైన చేపలావిడ ఈలోగా రెండు తీసి తక్కెట్లో వేసేసింది. వద్దనడానికి మొహమాటం.

ఇంటికొచ్చాక అత్తయ్య సంచి తెరిచి మూతి విరిచారు. "ఈ మట్టి వాసన చేప ఎవరు తింటారే?"

"పాముకైతే మంచిదట అత్తయ్యా" అన్నాను, నెత్తళ్ళ తలలు తుంచుతూ.

ఆవిడ కత్తిపీట పక్కన పెట్టి, స్టూలు మీదికి కాళ్ళు ముడుచుకున్నారు.

"ఏ పాముకి?"