ఆమడ దూరం

ఈస్టరు పొద్దుటి సంగతి మా ఊళ్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. చీకటితోనే లేవడం, సమాధుల దగ్గర కొవ్వొత్తులు, "ఆయన ఇక్కడ లేడు" అన్న వాక్యం, ఆ తరువాత టీ, బిస్కట్లు. ఆ రోజు సాయంత్రం సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. మధ్యాహ్నం కోడికూర తిని, ఫ్యాను కింద ఓ కునుకు తీసి లేచేసరికి పండగ అయిపోతుంది. లూకా సువార్త 24వ అధ్యాయంలో చాలా భాగం ఆ సాయంత్రం గురించే ఉంది.

యేసును సిలువ వేసి అది మూడో రోజు. ఆయన శిష్యులు ఇద్దరు యెరూషలేము నుంచి ఎమ్మాయు అనే పల్లెకు నడిచి వెళ్తుంటారు. ఒకడి పేరు క్లెయొపా. రెండోవాళ్ల పేరు లూకా చెప్పలేదు. మూలంలో 60 స్టాడియాలని ఉన్న దూరాన్ని మన తెలుగు బైబిలు "ఆమడ దూరము" అంది. ఎవరు పెట్టారో గానీ చక్కని మాట. ఇప్పటి లెక్కలో 11 కిలోమీటర్లు వేసుకోవచ్చు. అంటే నరసాపురంలో బయలుదేరి పాలకొల్లు నడిచినంత. మాటల్లో పడితే రెండున్నర గంటలు, దుఃఖంలో ఉంటే మూడు.

దారిలో యేసు వచ్చి కలుస్తాడు. ఆయనేనని వాళ్లకు తెలియదు. ఆయన మోషేతో మొదలుపెట్టి ప్రవక్తలందరి మాటలూ విప్పి చెబుతాడు. అప్పటికీ తెలియదు. పల్లె వస్తుంది, పొద్దు వాలుతుంది. ఉండిపొమ్మని బలవంతం చేస్తారు. బల్ల దగ్గర ఆయన రొట్టె పట్టుకుని, స్తోత్రం చేసి, విరిచి, ఇస్తాడు. అప్పుడు 31వ వచనం: "వారి కన్నులు తెరవబడి ఆయనను గుర్తుపట్టిరి, అయితే ఆయన వారికి అదృశ్యుడాయెను."

ఈ వచనం దగ్గర నేను చాలా ఏళ్లుగా ఆగిపోతున్నాను. కారణం చెప్పాలంటే నా పాత టెన్షన్ ఒకటి బయటపెట్టాలి.

మాది రొట్టె విరిచే సహవాసం. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ కుటుంబాలు ఈ నరసాపురం, పాలకొల్లు వైపు మొదలుపెట్టిన పనిలోంచి పుట్టిన సంఘాల్లో ఒకటి. మాకు బల్ల, అంటే ప్రభువు భోజనం, నెలకోసారి కాదు, ప్రతి ఆదివారం ఉంటుంది. ఒకే రొట్టె చేతులు మారుతూ వస్తుంది. ఎవరి ముక్క వాళ్లే తుంచుకుంటారు. వెనక వరసలో ముసుగు సర్దుకుంటూ కూర్చున్న ఆడవాళ్ల దాకా వచ్చేసరికి తెల్లగుడ్డ మీద రొట్టె కన్నా పొడి ఎక్కువ. ఆ బల్లలో చేరాలంటే బాప్తిస్మం తీసుకోవాలి. బాప్తిస్మానికి ముందు పెద్దలు కూర్చోబెట్టి అడుగుతారు: "రక్షణ ఎప్పుడు పొందావమ్మా?"

మారుమనస్సు ఏ రోజు కలిగిందని అర్థం. ఎప్పుడు అంటే నా దగ్గర జవాబు లేదు. మా మామయ్య తన సాక్ష్యంలో తేదీ, వారం, వేళ కూడా చెబుతాడు. కాలువ గట్టు మీద సైకిలు ఆపి మోకరించాడట, ఆ చెట్టు కూడా చూపిస్తాడు. నాకు అలాంటి చెట్టు ఏదీ లేదు. పుట్టినప్పటి నుంచీ అమ్మ పక్కన చాప మీద కూర్చుని పాడుతూనే ఉన్నాను. సువార్త కూటాల్లో యేసును నమ్మేవాళ్లు లేచి నిలబడండని పిలుపు ఇచ్చినప్పుడల్లా ఈసారైనా ఏదో జరుగుతుందేమోనని మూడుసార్లు లేచి నిలబడ్డాను. మూడోసారి ముందు వరసలో ఓ పిల్లాడు వెనక్కి తిరిగి "ఈ అక్క మళ్లీ లేచింది" అన్నాడు. చివరికి ఆ మూడో కూటం తేదీనే పెద్దలకు చెప్పేశాను. వాళ్లు పుస్తకంలో రాసుకున్నారు. అబద్ధమని అనలేను, నిజమని కూడా అనలేను. ఇన్నేళ్లకు ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

తరువాత టీచరునయ్యాను, కథలు రాయడం మొదలుపెట్టాను. అక్కడా అదే తేదీ జబ్బు. నా కథల్లో ప్రతివాడికీ చివరి పేజీలో జ్ఞానోదయమే. "ఆ క్షణంలో అతనికి తెలిసింది." "ఆమె కళ్ల ముందు ఏదో తెర తొలగినట్టయింది." ఈ మధ్య పాత ఫైలు తీసి లెక్కపెట్టాను. మొదటి పదకొండు కథల్లో ఎనిమిది ఇలాగే ముగిశాయి. వాటిల్లో మూడింట్లో సరిగ్గా ఆ సమయానికి వాన కూడా కురిసింది.

ఇంగ్లీషులో దీనికి ఎపిఫనీ అనే మాట వాడతారు. అసలది గుడి మాట. తూర్పు దేశపు జ్ఞానులు శిశువును చూసిన దానికి గుర్తుగా జనవరి 6న చేసే పండగ పేరు. దాన్ని కథలవాళ్లకు అలవాటు చేసింది ఐర్లండు రచయిత జేమ్స్ జాయిస్. మన బైబిల్లో తీతు పత్రిక అనే ఉత్తరంలో అదే గ్రీకు మాటకు "ప్రత్యక్షత" అని ఉంది. నాకు మాత్రం లూకా వాడిన "గుర్తుపట్టిరి" అన్న మాటే దగ్గరగా అనిపిస్తుంది. తెలుగులో గుర్తు అంటే ఆనవాలు, గుర్తు అంటే జ్ఞాపకం కూడా. గుర్తుపట్టాలంటే ఆ మనిషిని ముందే చూసి ఉండాలి. కొత్తగా తెలిసినదాన్ని ఎవరూ గుర్తుపట్టరు.

పేతురును చూడండి. (మా భీమవరం వైపు కోడి మాట ఎత్తితే జనం వేరే సంగతి అనుకుంటారు, అది పక్కన పెడదాం.) కోడి కూసినప్పుడు అతనికి కొత్త విషయం ఏమీ తెలియలేదు. కోడి కూయకముందే నన్ను ఎరుగనంటావని కొన్ని గంటల ముందు భోజనం దగ్గర యేసు చెప్పగా తన చెవిన పడిన మాటే. అప్పుడు కొట్టిపారేశాడు, ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. బయటికి వెళ్లి ఏడ్చాడు.

తప్పిపోయిన కుమారుడి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. తండ్రి ఆస్తిలో తన వాటా తగలేసి, పందులు మేపుకుంటున్న వాడికి "బుద్ధి వచ్చినప్పుడు" అంటుంది లూకా 15. మా ఊరి ప్రసంగాల్లో కథ అక్కడే అయిపోతుంది, అదిగో మారుమనస్సు అంటారు. కానీ వాడికి అప్పుడు వచ్చిన బుద్ధి ఎంత? మా నాన్న ఇంట్లో కూలివాళ్లకు కూడా అన్నం మిగులుతోంది, నేనిక్కడ ఆకలికి చస్తున్నాను. అంతే. కొంచెం ఆకలి, కొంచెం లెక్క. దారి పొడుగునా మూడు వాక్యాలు బట్టీ పట్టుకుంటూ వెళ్తాడు: పాపం చేశాను, కొడుకుననిపించుకోవడానికి తగను, కూలివారిలో ఒకనిగా పెట్టుకో. ఇంటి దగ్గర తండ్రి పరుగెత్తుకొచ్చి మెడ మీద పడ్డాక వాడి నోట్లోంచి మొదటి రెండే వస్తాయి. 19వ వచనం, 21వ వచనం పక్కపక్కన పెట్టి చూడండి. కూలి మాట రాదు. తండ్రి చెప్పనివ్వలేదో, వాడికే నోరు రాలేదో లూకా చెప్పడు. కథ రాసేవాళ్లెవరైనా ఆ రాని మూడో వాక్యం దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు. నేనైతే "అప్పుడు వాడికి తండ్రి ప్రేమ అర్థమైంది" అని రాసి చెడగొట్టి ఉండేదాన్ని.

పౌలును కూడా అలాగే చేస్తాం. యేసు శిష్యుల్ని పట్టుకోవడానికి వెళ్తుంటే దమస్కు దారిలో అతనికి కనబడిన వెలుగు గురించి ఎంతసేపైనా చెబుతాం, ఆ తరువాత కళ్లు కనబడక, తిండీ నీళ్లూ లేక గడిపిన మూడు రోజుల మీద నేను ప్రసంగం వినలేదు.

మళ్లీ ఎమ్మాయుకు. దారిలో జరిగింది లోకంలోకెల్లా గొప్ప బైబిలు స్టడీ. చెప్పినవాడు సాక్షాత్తూ ప్రభువు. అయినా కళ్లు తెరుచుకోలేదు. తెరిచింది రొట్టె. సిలువకు ముందు రాత్రి యేసు రొట్టె విరిచి ఇచ్చిన కడరాత్రి భోజనానికి ఈ ఇద్దరూ ఉన్నారని లూకా ఎక్కడా అనడు, అక్కడున్నది అపొస్తలులు, అంటే ఆయన ఏర్పరచుకున్న ముఖ్య శిష్యులు. మరి ఆ చేతులు రొట్టె విరవడం వీళ్లు ఎక్కడ చూశారు? చాలా ఏళ్లు నాకీ ప్రశ్నే తట్టలేదు. లూకా 9వ అధ్యాయానికి వెళ్తే అక్కడా పొద్దు గుంకే వేళే. అయిదు వేలమంది గుంపు, అయిదు రొట్టెలు. పట్టుకుని, ఆశీర్వదించి, విరిచి, ఇచ్చాడు. అవే నాలుగు పనులు, అదే వరసలో. ఈ ఇద్దరూ ఆ గడ్డిమీద ఎక్కడో కూర్చుని ఉండొచ్చు, లేకపోవచ్చు. చదువుతున్న మనం మాత్రం అక్కడున్నాం. పదిహేను అధ్యాయాల ముందే లూకా మన చేతిలో ఓ ముక్క పెట్టి ఊరుకున్నాడు. తేదీ చెప్పలేదు, వాన కురిపించలేదు.

ఇక మా అమ్మ సంగతి.

నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకు లేసు అల్లిక ఉందని అందరికీ తెలుసు. మిషనరీల కాలంలో వచ్చిన పని. ఏజెంటు నూలు ఇస్తాడు, కొస వంకర ఉన్న చిన్న సూదితో ఇంట్లో కూర్చుని అల్లాలి. అల్లే పనిని చేతిపని అంటారు. ఒకరు పువ్వులే అల్లుతారు, ఒకరు అంచులే. ఆ ముక్కలన్నీ ఒక్కచోట చేర్చి దుప్పటిగానో బల్లగుడ్డగానో కలపడం ఇంకొకరి పని, అది అతుకుపని. అమ్మది చేతిపని. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక అరుగు మీద కూర్చుంటే వెలుతురు పోయేదాకా రూపాయి బిళ్లంత పువ్వులు అల్లుతూనే ఉండేది. ఎన్ని వేల పువ్వులో. పూర్తయిన దుప్పటి మాత్రం ఒక్కటీ మా ఇంట్లో లేదు. అవన్నీ ఓడలెక్కి వెళ్లిపోయేవి.

అమ్మ ప్రభువునందు నిద్రించిన మూడో ఏడు, తమ్ముడి గృహప్రవేశం కూడికకు పిలవడానికి వెనక వీధిలో పిన్నిగారింటికి వెళ్లాను. ఆవిడ అతుకుపని మనిషి. టీ పెట్టి, జంతికల పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. బల్ల మీద పాత లేసు గుడ్డ. మరక పడిందని ఏజెంటు తీసుకోకపోతే ఉంచేసుకుందట. ఆ గుడ్డ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. దాని మీద ఎన్ని గ్లాసులు పెట్టి ఉంటానో.

"ఇందులో మీ అమ్మవి ఆరో ఏడో ఉంటాయి" అంది.

వంగి చూశాను. అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తెల్లగా, ఆరు రేకులతో.

"ఏ చెయ్యి ఏదో నాకు తెలీదేటమ్మా, ఇన్నేళ్లు అతికాను. ఆ చివరి రేకు చూడు."

పళ్లెం పక్కకు జరిపి గుడ్డ అంచు తిరగేసింది. ఒక పువ్వుకి ఆఖరి రేకు మిగతావాటికన్నా బిగుతుగా ఉంది, కొస లోపలికి కొంచెం ముడుచుకుంది. గోటితో తడిమి చూశాను. అమ్మ కుడిచేతి చూపుడువేలు ఓ కోతల్లో కొడవలి తగిలి వంకరగా అతుక్కుంది. తిన్నగా చాపలేకపోయేది. అన్నం ముద్ద చేసి పెట్టేటప్పుడు ఆ వేలు ఎప్పుడూ కొంచెం ఎడంగా నిలబడేది. నూలు ముగించేటప్పుడు ఆ వేలితో గట్టిగా లాగేదన్నమాట. నాలుగో పువ్వు పిన్నిగారు చూపించక్కర్లేకుండానే దొరికింది.

అప్పుడు నాకు తెరలేమీ తొలగలేదు. టీ మీద మీగడ కట్టింది, తీసేసి తాగాను. కూడిక ఎన్ని గంటలకో రెండుసార్లు చెప్పి వచ్చేశాను. మర్నాడు కాదు, ఆ మర్నాడు ఏడో తరగతి లెక్కల నోటుబుక్కులు దిద్దుతుంటే ఏడుపొచ్చింది. పిల్లలకు కనబడకుండా బోర్డు వైపు తిరిగాను.

వాళ్లిద్దరూ కూడా అంతే కదా. "మన హృదయము మనలో మండుచుండలేదా" అని అనుకున్నది ఆయన కనబడకుండా పోయాక. మండుతున్నప్పుడు వాళ్లకు తెలియదు. దుఃఖముఖులై, ఒకరితో ఒకరు వాదించుకుంటూ నడుస్తున్నామనే అనుకున్నారు. ఏ మలుపు దగ్గర మొదలైందని ఎవరైనా అడిగితే క్లెయొపా ఏం చెప్పేవాడో. నా పేరు పక్కన పెద్దల పుస్తకంలో ఉన్న ఆ తేదీ ఇప్పుడు నన్ను పెద్దగా బాధపెట్టదు. ఉంటే ఉండనీ.

ఆ గడియలోనే లేచి మళ్లీ యెరూషలేముకు బయలుదేరారంటుంది 33వ వచనం. రానూ పోనూ రెండు ఆమడలు, రెండోది చీకట్లో. ఇందాక "సాయంకాలము కావచ్చినది" అని బతిమాలినవాళ్లే.

అమ్మ మీద నేను మూడేళ్లుగా ఓ కథ రాస్తున్నాను. చివరి పేజీలో కూతురికి అమ్మ త్యాగం అర్థమవుతుంది. నాకు బాగా నచ్చిన పేజీ, అందులో గోదావరి మీద సూర్యాస్తమయం కూడా ఉండేది. ఆ పేజీ తీసేశాను. కథ ఇప్పుడు ఓ లేసు పువ్వు మీద టీ గ్లాసు పెట్టడంతో ఆగిపోతుంది. వంకర వేలు మాత్రం రెండో పేజీలో, అమ్మ అన్నం కలిపేచోట, ఒక్క ముక్కగా ఉంది.

పోయిన నెల ఓ పత్రికకు పంపాను. వారం తరువాత ఫోను వచ్చింది.

"చివరి పేజీ అందలేదండీ, ఇంకోసారి పంపుతారా?"

"అంతేనండీ."

"ఓహో." కాసేపు కాగితాలు తిప్పుతున్న చప్పుడు. "సరేనండీ, మళ్లీ మొదట్నుంచి చదువుతాను."

ఇంకా ఏమీ చెప్పలేదు.