యంత్రం ఎలా నేర్చుకుంటుందో ముందు చూపించాలి

కృత్రిమ మేధను బడిలో ఒక పాఠంగా చెప్పాలా అన్నది ఒక చర్చ. మిగతా పాఠాలు నేర్చుకోవడానికి దాన్ని వాడనివ్వాలా అన్నది మరో చర్చ. ఈ రెండింటినీ చాలాచోట్ల వేర్వేరు మనుషులు, వేర్వేరు సమావేశాల్లో తేలుస్తున్నారు. మొదటిది కంప్యూటర్ ఉపాధ్యాయుల బాధ్యతగా, రెండోది క్రమశిక్షణ వ్యవహారంగా మిగిలిపోతోంది. ఈ విషయాన్ని బోధిస్తున్న ఉపాధ్యాయురాలిగా నాకు ఈ విభజన సరైనదిగా తోచదు. యంత్రం ఏ విధంగా నేర్చుకుంటుందో తన చేతులతో చేసి చూసిన విద్యార్థి అదే యంత్రాన్ని లెక్కలకో, వ్యాసానికో వాడుకునే తీరు వేరుగా ఉంటుంది. ఆ అనుభవం లేని విద్యార్థికి ఎన్ని నిబంధనలు రాసి ఇచ్చినా అవి గోడకు అంటించిన నోటీసుగానే ఉండిపోతాయి.

అందుకే నా మొదటి పాఠంలో కంప్యూటర్ ఉండదు, అగ్గిపెట్టెలుంటాయి. 1961లో డొనాల్డ్ మిచీ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 304 అగ్గిపెట్టెలతో, రంగురంగుల పూసలతో టిక్-టాక్-టో ఆడే ఒక ‘యంత్రాన్ని’ తయారు చేశారు. ఆటలో ఎదురయ్యే ఒక్కో స్థితికి ఒక్కో పెట్టె, వేయదగిన ఒక్కో ఎత్తుకు ఒక్కో రంగు పూస. గెలిచినప్పుడు ఆ ఆటలో వాడిన పూసలకు తోడు మరికొన్ని చేర్చడం, ఓడినప్పుడు వాడిన పూసను తీసేయడం, ఇంతే దాని శిక్షణ. ఇప్పుడు మనం రీఇన్ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అని పిలుస్తున్న పద్ధతికి ఇంతకంటే స్పష్టమైన నమూనా నాకు కనబడలేదు. అయితే 304 పెట్టెలు ఒక తరగతికి ఎక్కువ. మరుసటి ఏడాది, 1962లో, సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో మార్టిన్ గార్డ్‌నర్ ఇదే ఆలోచనను హెక్సాపాన్ అనే చిన్న ఆటకు కుదించి, 24 పెట్టెలతో సరిపెట్టారు. నేను వాడేది ఆ ఆటనే.

మూడు అడ్డగళ్లు, మూడు నిలువుగళ్లు ఉన్న పలక మీద ఇరువైపులా మూడేసి బంటులుంటాయి. బంటు ఎదురుగా ఖాళీ ఉంటే ఒక గడి ముందుకు నడుస్తుంది, ఐమూలగా ఉన్న ఎదుటి బంటును చంపుతుంది. అవతలి అంచు చేరినా, ఎదుటి బంటులన్నింటినీ చంపినా, ఎదుటివారికి కదలడానికి దారి లేకుండా చేసినా గెలిచినట్టే. మొదటి ఎత్తు మనిషిది, రెండోది పెట్టెలది. ప్రతి పెట్టె మూత మీద పలక బొమ్మ, వేయదగిన ఎత్తులకు రంగు బాణాలు, లోపల అవే రంగుల పూసలు ఉంటాయి. ఒక విద్యార్థి ఆ స్థితికి సరిపడే పెట్టెను వెతికి, ఊపి, కళ్లు మూసుకుని ఒక పూస తీస్తాడు; ఏ రంగు వస్తే ఆ బాణం ప్రకారం బంటు కదులుతుంది. పెట్టెలు ఓడితే చివరి ఎత్తుకు కారణమైన పూసను పక్కన పెట్టేస్తారు; గెలిస్తే ఏమీ మార్చరు. మొదట్లో పెట్టెలు వరసగా ఓడిపోతుంటే పిల్లలకు ఉత్సాహం. ఆటలు సాగేకొద్దీ చెడ్డ ఎత్తులకు పూసలు మిగలవు, గెలవడం కష్టమవుతూ వస్తుంది, కొంతసేపటికి పెట్టెలను ఓడించడం ఎవరి తరమూ కాదు. ఈ ఆటలో సరిగ్గా ఆడితే రెండో ఎత్తు వేసేవారిదే గెలుపు అన్న సంగతి కూడా అప్పుడే బయటపడుతుంది.

ఆ దశలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: “మేడమ్, అయితే పెట్టెలకు ఆట అర్థమైనట్టేనా?” నేను వెంటనే జవాబు చెప్పను. పెట్టెలు తెరిచి ఆ తెలివి ఎక్కడుందో చూపించమంటాను. లోపల కొన్ని పూసలుంటాయి, కొన్ని ఉండవు, అంతకుమించి ఏమీ కనిపించదు. అయినా ఆ అమరిక మనిషిని ఓడిస్తోంది. ఈ రెండు నిజాలనూ ఒకేసారి మనసులో పెట్టుకోవడం పద్నాలుగేళ్ల పిల్లలకు కష్టమేమీ కాదు. ఇబ్బంది పడేది సాధారణంగా పెద్దవాళ్లమే. ఆ తర్వాత ఒక జట్టును కావాలనే చెత్త ఎత్తులు వేసి పెట్టెలను గెలిపిస్తూ పొమ్మంటాను. ఓటమి లేకపోతే పూస తీసే అవసరం రాదు కాబట్టి ఆ పెట్టెలు ఏమీ నేర్చుకోవు. మంచి ఆటగాడు ఎదురుకాగానే చతికిలబడతాయి. శిక్షణలో ఏది ఎదురైతే యంత్రానికి తెలిసేది అదేనన్న మాట నేను చెప్పనక్కర లేకుండానే వాళ్ల నోట వస్తుంది.

చాట్‌బాట్‌లను నడిపించే భాషా నమూనాల పాఠానికీ కాగితం, పుస్తకం చాలు. 1948లో అమెరికన్ గణిత శాస్త్రవేత్త క్లాడ్ షానన్ తన సమాచార సిద్ధాంత వ్యాసంలో ఒక చిన్న ప్రయోగాన్ని వర్ణించారు. ఏదైనా పుస్తకాన్ని యథాలాపంగా తెరిచి ఒక పదాన్ని రాసుకోవాలి, మరో పేజీ తెరిచి ఆ పదం కనిపించేదాకా చదివి దాని పక్కనున్న పదాన్ని రాసుకోవాలి, మళ్లీ ఇంకో పేజీలో ఆ రెండో పదాన్ని వెతకాలి. ఇలా పుట్టిన వాక్యాల్లో ఏ రెండు పక్కపక్క పదాలను చూసినా పొత్తు కుదిరినట్టే ఉంటుంది, మొత్తం చదివితే మాత్రం అర్థం ఉండదు. ఈనాటి పెద్ద భాషా నమూనాలు కూడా ప్రాథమికంగా తర్వాత రాబోయే ముక్కనే అంచనా వేస్తాయి. కానీ అవి ఒక్క పదాన్ని కాక వెనకున్న వేల పదాలను లెక్కలోకి తీసుకుంటాయి, అపారమైన పాఠంతో కోట్లాది సంఖ్యలను సర్దుకుని ఉంటాయి, ఆపైన మనుషులు మెచ్చే తీరులో జవాబివ్వడానికి మరో విడత శిక్షణ పొందుతాయి. “ఓస్, తర్వాతి పదం ఊహించడమేగా” అని కొట్టిపారేయడాన్ని నేను తరగతిలో ఒప్పుకోను, ఎందుకంటే ఆ ఊహ చాలా లెక్కలను సరిగ్గానే చేస్తోంది. పిల్లలకు తెలియాల్సింది ఏమిటంటే, సరైన జవాబు, లేని పుస్తకాన్ని ఉన్నట్టు చెప్పే జవాబు ఒకే ప్రక్రియలోంచి, ఒకే ధీమాతో వస్తాయి. వాక్యం నడకను బట్టి నిజానిజాలు తేల్చలేమన్నది ఇక్కడ పట్టుబడితే, సరిచూసుకోవడం ఎందుకో మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

కంప్యూటర్ దగ్గరికి వెళ్లేది మూడో పాఠంలో. గూగుల్ 2017లో విడుదల చేసిన టీచబుల్ మెషీన్ అనే వెబ్ సాధనంలో కెమెరా ముందు చేతి సంజ్ఞలు చూపించి, కోడ్ రాయకుండానే ఒక వర్గీకరణ నమూనాను తయారు చేయవచ్చు. ఒకే గోడ ముందు నిలబడి, ఒకే విద్యార్థి చేతితో శిక్షణ ఇచ్చిన నమూనా కిటికీ వైపు తిరగగానే, లేదా మరో విద్యార్థి చేయి చాపగానే తడబడడం తరచూ కనిపిస్తుంది. అది చేతి కన్నా గోడను ఎక్కువగా పట్టించుకుందేమోనని పిల్లలు అనుమానించి, చేయి లేని ఖాళీ గోడను చూపించి పరీక్షిస్తారు. ఆ అనుమానం నాకు చాలా విలువైనదిగా అనిపిస్తుంది. జాయ్ బువోలమ్‌వీని, టిమ్నిట్ గెబ్రూ 2018లో చేసిన అధ్యయనాన్ని నేను ఆ వెంటనే పరిచయం చేస్తాను. ముఖాన్ని చూసి ఆడా మగా చెప్పే వాణిజ్య వ్యవస్థల్లో, తెల్లని చర్మం ఉన్న పురుషుల విషయంలో పొరపాట్లు 0.8 శాతానికి మించలేదు. ముదురు రంగు చర్మం ఉన్న స్త్రీల విషయంలో ఒక వ్యవస్థ 34.7 శాతం దాకా తప్పు చెప్పింది. గోడ సంగతి స్వయంగా కనిపెట్టిన పిల్లలకు ఈ అంకెల వెనక ఏముందో ఊహించడం తేలికే. పాఠ్యప్రణాళికల్లో ‘సమాజంపై ప్రభావం’ అన్న అధ్యాయాన్ని చిట్టచివర పెట్టడం నాకు నచ్చకపోవడానికి కారణం ఇదే. అది ప్రతి పాఠంలోనూ ఉండాల్సిన విషయం. చివరి వారంలో హడావిడిగా చదివించాల్సినది కాదు.

ఇక వాడకం. యంత్రాన్ని బోధకుడిగా చూడాలన్న ఆశ కొత్తది కాదు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ బోధనా వ్యవస్థ 1960లోనే మొదలైంది. 1984లో విద్యా మనస్తత్వవేత్త బెంజమిన్ బ్లూమ్, ఒక్కొక్కరికి విడిగా పాఠం చెబితే సగటు విద్యార్థి మామూలు తరగతి సగటు కన్నా రెండు ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు చుట్టూ ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) పైకి వెళ్లగలడని రాశారు. ఇప్పుడు కృత్రిమ మేధ బోధకులను ప్రచారం చేసేవారు తరచూ ఉదహరించేది దాన్నే. 2011లో కర్ట్ వాన్‌లెన్ అనే పరిశోధకుడు అనేక అధ్యయనాలను పరిశీలించి, అదే కొలతలో మనిషి బోధన ప్రభావం దాదాపు 0.79 అని, లెక్కను మెట్టు మెట్టుగా గమనించి సూచనలిచ్చే కంప్యూటర్ బోధకుల ప్రభావం దాదాపు 0.76 అని తేల్చారు. రెండుకు ఇది చాలా తక్కువే అయినా, చిన్న ఫలితం కాదు. ఆ కంప్యూటర్ బోధకులు జవాబును సరాసరి చేతికివ్వలేదు, విద్యార్థి వేసే ప్రతి మెట్టునూ కనిపెట్టి ఉన్నాయి. నాకు ముఖ్యమనిపించింది అదే.

చాట్‌బాట్‌ల విషయంలో నేను తోటి ఉపాధ్యాయులకు మొదట చెప్పేది తుర్కియేలో సుమారు వెయ్యి మంది హైస్కూల్ విద్యార్థులతో జరిగిన గణిత ప్రయోగం గురించి. ఒక బృందానికి మామూలు చాట్‌బాట్ ఇచ్చారు. మరో బృందానికి, ఉపాధ్యాయుల సలహాతో, జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మలిచిన చాట్‌బాట్ ఇచ్చారు. అభ్యాసం చేస్తున్నప్పుడు మొదటి బృందం ఫలితాలు 48 శాతం, రెండో బృందం ఫలితాలు 127 శాతం మెరుగుపడ్డాయి. తర్వాత ఏ సాయమూ లేకుండా పరీక్ష పెడితే, మొదటి బృందం అసలు చాట్‌బాట్ ముట్టని వాళ్ల కంటే 17 శాతం వెనకబడింది. రెండో బృందానికి అంతటి నష్టం కలగలేదు. నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఏమిటంటే, తాము తక్కువ నేర్చుకున్నామన్న సంగతి మొదటి బృందానికి తెలియకపోవడం. హోంవర్క్ చక్కగా పూర్తవుతోంది, ఇంట్లోవాళ్లకు తృప్తిగా ఉంది, విద్యార్థికి నమ్మకం పెరిగింది. లోపల నిలవాల్సినది మాత్రం నిలవలేదు.

అందువల్ల నా తరగతిలో క్రమం మారదు: ముందు కాగితం మీద సొంత ప్రయత్నం, ఆ తర్వాతే యంత్రం. ఒక విద్యార్థి (a+b)² ను a²+b² అని రాశాడనుకుందాం. అతడు చాట్‌బాట్‌కు ఆ లెక్క ఇచ్చి చేయమంటే మధ్యలో 2ab ప్రత్యక్షమవుతుంది, అతడు దాన్ని ఎక్కించుకుంటాడు, మరుసటి వారం మళ్లీ అదే తప్పు చేస్తాడు. అలా కాకుండా, తాను రాసిన మెట్లన్నీ పెట్టి, “జవాబు చెప్పవద్దు, తప్పు ఉంటే నేనే కనిపెట్టేలా ఒక్క ప్రశ్న అడుగు” అని కోరితే, a కు 1, b కు 2 పెట్టి రెండు వైపులా చూడమని అడగవచ్చు. ఒకవైపు 9, ఇంకోవైపు 5 వస్తాయి. ఆ 9 కీ 5 కీ మధ్య తగ్గిన 4 ఎక్కడ పోయిందని అతడు తలపట్టుకునే ఆ కొద్ది నిమిషాల్లోనే నేర్చుకోవడం జరుగుతుంది. పూసలు తీసిన అనుభవం ఇక్కడ పనికొస్తుంది: తప్పు ఎదురుకాకపోతే పెట్టెలు ఏమీ నేర్చుకోలేదన్నది వాళ్లు చూసిందే కాబట్టి, తమ తప్పును మరొకరి చేత దిద్దించుకుంటే తమకేం మిగులుతుందో విడమరిచి చెప్పనక్కర లేదు. వెబ్‌లో తక్కువ పాఠం ఉన్న భాషల్లో జవాబుల నాణ్యత తగ్గుతుంది కనుక, సొంత భాషలో అడిగినప్పుడు మరింత జాగ్రత్తగా సరిచూడమని కూడా చెబుతాను.

వ్యాసాన్ని యంత్రం చేత రాయించారో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్లను నేను వాడను. చాట్‌జీపీటీ సంస్థ ఓపెన్‌ఏఐ తాను తయారు చేసిన గుర్తింపు సాధనాన్నే కచ్చితత్వం తక్కువగా ఉందని 2023 జులైలో ఉపసంహరించుకుంది. అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్షకు స్వయంగా రాసిన వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవేనని ఇలాంటి సాధనాలు ముద్ర వేశాయని చూపారు. నిజాయతీగా రాసిన ఒక్క విద్యార్థి మీద పడే నింద, తప్పించుకున్న పదిమంది కన్నా నాకు బరువైనది. వ్యాసం ఇచ్చినప్పుడు తొలి చిత్తుప్రతి తరగతిలోనే రాయిస్తాను, తర్వాత దిద్దుకున్న ప్రతులన్నీ అడుగుతాను, చివర ఐదు నిమిషాలు ఎదురుగా కూర్చోబెట్టి ఈ వాక్యం ఎందుకు మార్చావని మాట్లాడతాను. దీనికి సమయం పడుతుంది. ఆ సమయాన్ని సమకూర్చకుండా ఉపాధ్యాయుల మీద కొత్త సాధనాలు రుద్దే సంస్థల పట్ల నాకు నిజంగానే కోపం ఉంది.

వయసు విషయంలో 2023 సెప్టెంబర్‌లో యునెస్కో ఇచ్చిన మార్గదర్శకాలను పాటిస్తాను. తరగతి గదిలో స్వతంత్రంగా ఇలాంటి చాట్ సాధనాలు వాడటానికి 13 ఏళ్లను కనీస వయసుగా ఆలోచించమని అవి సూచించాయి. చిన్నపిల్లలకు పెట్టెలు, పూసలు చాలు. పిల్లల పేర్లు, ఫొటోలు, ఆరోగ్య విషయాలు ఏ వయసువారివైనా చాట్‌బాట్‌లోకి వెళ్లకూడదు.

మార్కులు మాత్రం యంత్రం చేత వేయించను. 2020లో పరీక్షలు జరగక ఇంగ్లండ్‌లో ఎ-లెవెల్ (బడి చదువు చివర రాసే పరీక్షల) గ్రేడ్లను ఒక అల్గారిథమ్ సవరించినప్పుడు, ఉపాధ్యాయులు అంచనా వేసిన గ్రేడ్లలో దాదాపు 40 శాతం తగ్గిపోయాయి. బడి గత ఫలితాలు విద్యార్థి భవిష్యత్తు మీద పడ్డాయి, నిరసనలు చెలరేగాయి, ఆగస్టు 17న ప్రభుత్వం ఆ గ్రేడ్లను వెనక్కి తీసుకుంది. అది చాట్‌బాట్ కాదు, మామూలు గణాంక పద్ధతే. అయినా నీకు ఈ గ్రేడ్ ఎందుకు వచ్చిందో ఎదురుగా కూర్చుని విద్యార్థికి చెప్పగలిగినవారు ఎవరూ లేకపోయారు. 2024లో ఐరోపా సమాఖ్య తన కృత్రిమ మేధ చట్టంలో అభ్యాస ఫలితాలను మదింపు చేసే వ్యవస్థలను అధిక ప్రమాద తరగతిలో చేర్చింది. ముప్పై వ్యాసాల్లో పదేపదే కనిపిస్తున్న పొరపాట్లను పోగేయడానికి, రేపటి అభ్యాసానికి కొత్త లెక్కలు తయారు చేసుకోవడానికి నేను యంత్రం సాయం తీసుకుంటాను, తయారైన ప్రతి లెక్కనూ ముందు నేను చేసి చూస్తాను. మార్కు మాత్రం వ్యాసం చదివిన తర్వాత నేనే వేసి, కారణాన్ని పక్కనే నా చేతిరాతలో రాస్తాను, విద్యార్థి వచ్చి అడిగితే దాని మీద వాదించుకోవడానికి వీలుగా.