మా వీధి చివర గోంగూర మడి

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో మా వీధి చివర ఎప్పుడో ఇల్లు పడగొట్టిన స్థలం ఒకటి ఉండేది. ఇటుక ముక్కలు, గాజు పెంకులు, ఎలుకలు. అది నగరానిదేనని తెలిశాక, వీధి వాళ్ళం కలిసి తోట వేసుకోవడానికి అడిగి చూద్దామనుకున్నాం.

న్యూయార్క్‌లో ఇలాంటి ఉమ్మడి తోటలకు సాయం చేసే గ్రీన్‌థంబ్ అనే నగర కార్యక్రమం ఉంది. 1978లో మొదలైంది, ఇప్పుడు పార్కుల శాఖ కింద నడుస్తోంది. కనీసం పదిమంది సభ్యులుండాలన్నారు. ఆ పదిమందిని కూడగట్టడానికి శని, ఆదివారాలు ఇంటింటికీ తిరిగాను. మా ప్రాంతం తరఫున నగరానికి సలహాలిచ్చే కమ్యూనిటీ బోర్డు దగ్గర మద్దతు లేఖ దొరికింది. తర్వాత ఒక ఆఫీసులో మా ఫైలు ఎనిమిది నెలలు కదల్లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ ‘చూస్తున్నాం’ అనే మాటే. విత్తనాలు వేసే కాలం దాటిపోతుంటే ఎంత టెన్షన్ పడ్డామో!

గేటు తాళం చేతికొచ్చాక అసలు పని మొదలైంది. మట్టి పరీక్షలో సీసం ఎక్కువని తేలింది. పాత ఇళ్ళ పెయింటు, ఒకప్పటి పెట్రోలు పొగ వదిలిపోయిన విషం అది. ఆ నేలలో ఆకుకూర వేసి పిల్లలకు పెట్టలేం కదా. అందుకే కింద గుడ్డ పరిచి, పైన చెక్కలతో మడులు కట్టి, కొత్త మట్టి నింపాం. చెక్కలు, మట్టి, కంపోస్టు గ్రీన్‌థంబ్ ఉచితంగా ఇచ్చింది. నీళ్ళు మాత్రం వీధిలో ఫైరింజన్ల కోసం పెట్టే కుళాయి (ఫైర్ హైడ్రెంట్) నుంచి పట్టుకోవాలి, దానికి వేరే పర్మిట్. అది వచ్చేదాకా మూడు వారాలు ఇళ్ళ నుంచి బకెట్లు మోశాం. నన్నడిగితే ఏ ఊరి మున్సిపాలిటీ అయినా స్థలం కాగితంతో పాటే నీళ్ళు, మంచి మట్టి కూడా ఇవ్వాలి. ఇవి లేకపోతే మా పదిమందిలో సగం మంది మొదటి ఎండాకాలంలోనే మానేసేవాళ్ళు.

ఒక భయం మాత్రం పోలేదు. 1999లో ఈ నగరమే 114 తోటలను వేలానికి పెట్టింది. రెండు స్వచ్ఛంద సంస్థలు కొని వాటిని కాపాడాయి. తోట నడపడానికి నగరం మాకిచ్చిన లైసెన్సూ శాశ్వతం కాదు. అందుకే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వారానికి 20 గంటలు గేటు తెరిచి ఉంచాలన్న నియమాన్ని ఒక్కరోజు కూడా తప్పకుండా పాటిస్తున్నాం. వీధి వాళ్ళంతా ఇది తమ తోట అనుకుంటేనే రేపు మా తరఫున మాట్లాడతారు.

మే నెలాఖరులో గోంగూర నారు నాటాను. ఆగస్టులో ఎర్రటి కాడలు చూసి పక్కింటి జమైకా పెద్దావిడ లోపలికొచ్చింది. ‘ఇది మా సోరెల్!’ అంది. క్రిస్మస్‌కు దాని కాయల చుట్టూ ఉండే ఎర్రటి రేకులతో పానకం చేసుకుంటారట, ఆకు తింటారని ఆమెకు తెలియదు. ఒక కట్ట కోసిచ్చి, పప్పులో ఎలా వేయాలో చెప్పాను. మర్నాడు ఆమె కూడా సభ్యత్వ కాగితం మీద సంతకం చేసింది.